రమణక్క పాడిన మైకు వైరు

చెన్నకేశవులుకు అదొక్కటే బాధ. ఇంట్లో ఉన్న పాటల సెట్టు ప్రొద్దుటూరంతా చెప్పుకునేంత గొప్పది. కానీ అందులో రమణక్క గొంతు మాత్రం రమణక్కలా లేదు.

అక్క పోయి పదకొండేళ్లు. ఎప్పుడో శ్రీరామనవమి పందిట్లో ఆమె పాడిన క్యాసెట్టు మొన్న ఉగాదికి దస్తగిరి ఉస్తాద్ ట్రంకుపెట్టెలో దొరికింది. చెన్నకేశవులుకు మైకుసెట్ల పని నేర్పిన గురువు ఆయనే. ఆ రోజు పందిట్లో మైకు పెట్టిందీ, పాట రికార్డు చేసిందీ ఆయనే.

క్యాసెట్టు చేతికొచ్చినప్పటినుంచీ ఇదే వరస. పెట్టడం, పల్లవి వినడం, "ఊహూఁ, ఇది మా అక్క గొంతు కాదు" అని లేచి వైరు మార్చడం. నాలుగు రకాల వైర్లయ్యాయి. పిచ్చి ముదిరింది రోకలి తలకు చుట్టమన్నట్టు, ఒక ఆదివారం పొద్దున ఉస్తాద్ ఇంటికే పోయాడు.

"ఉస్తాద్, ఆ పొద్దు అక్క పాడిన మైకు వైరు ఇంకా ఉందా మీ దగ్గర?"

"ఉంది. ఎందుకబ్బీ?"

"నా సెట్టుకు బిగిస్తా. అక్క గొంతు నడిచిన దారి అదే గదా. దాంట్లోనైతే సరిగ్గా వస్తుంది."

వేరేవాళ్లయితే పగలబడి నవ్వేవాళ్లు. ఉస్తాద్ నవ్వలేదు. అటక మీంచి వైరు దించాడు. పని అయిన ప్రతి వైరునూ మెలిక పడకుండా చుట్టి, ఎర్ర గుడ్డపీలికతో మూడు ముళ్లు వేసి పెట్టడం ఆయన అలవాటు. పని పడితే తప్ప ఆ ముళ్లు విప్పడు. దాన్ని సంచిలో వేసుకుని శిష్యుడి వెంట బయల్దేరాడు.

ఇంటికి రాగానే సంచితో సహా సెట్టు వెనక్కి దూరాడు. ఏదో పీకాడు, ఏదో గుచ్చాడు.

"అయింది. కూర్చో. పాత వైరు, నువ్వు కదిలితే ఊడొస్తుంది. క్యాసెట్టు అయిపోయేదాకా లేవొద్దు."

పాట మొదలైంది. పల్లవి కాగానే చెన్నకేశవులు అలవాటుగా లేవబోయాడు. ఉస్తాద్ కళ్లెర్రజేశాడు. కూలబడ్డాడు. రెండో చరణంలో అక్కకు ఊపిరి అందలేదు. చిన్నగా నవ్వి మళ్లీ అందుకుంది. అరే, ఇది అక్కే! పాట అయింది, చప్పట్లయ్యాయి. క్యాసెట్టు ఇంకా తిరుగుతూనే ఉంది.

అప్పుడు మైకుకు కాస్త దూరంగా, మామూలు గొంతుతో అక్క:

"ఒరేయ్ కేశవా, పొద్దుట్నుంచీ ఆ వైర్లు మోస్తానే ఉండావు. అన్నం తిన్నావా లేదా?"

తల నెరిసిన చెన్నకేశవులు గబుక్కున, "ఇంకా లేదక్కా" అన్నాడు.

అనేసి, వెక్కి వెక్కి ఏడ్చాడు. ఉస్తాద్ ఆపలేదు.

కాసేపటికి ముఖం తుడుచుకుని, "మీ వైరు ఇక్కడే ఉండనీయండి ఉస్తాద్, మీకు పుణ్యముంటుంది" అన్నాడు.

ఉస్తాద్ సంచిలోంచి వైరు తీసి అతని చేతిలో పెట్టాడు. ఎర్ర పీలికకు మూడు ముళ్లూ వేసినవి వేసినట్టే ఉన్నాయి.

చెన్నకేశవులు ముళ్లకేసి చూశాడు. గురువుకేసి చూశాడు.

"లే అబ్బీ" అన్నాడు ఉస్తాద్. "అక్క అడిగింది గదా. పద, తిందాం."