వీపుల మాస్టారు

యానాంలో అంతోని మాస్టారికి శిష్యులు పెట్టిన పేరు వీపుల మాస్టారు. ఆ పేరు ఆయన ముందు ఎవరూ అనరు, వెనకాల మాత్రమే అంటారు. పేరుకు తగ్గ పద్ధతి అదేనని వాళ్ళ సమర్థింపు.

బళ్ళో డ్రాయింగు చెప్పి రిటైరయ్యాక మాస్టారు తన మేడమీది గదిని నెపోలియన్ నాటి సైన్యాలకు ఇచ్చేశారు. సీసంతో పోసిన సిపాయి బొమ్మలు, ఒక్కొక్కటీ బొటనవేలి పై కణుపంత ఉంటాయి. వాటికి ఆనాటి పటాలాల రంగులు వేసి, కొన్నేసి చిన్న చెక్కపలకల మీద అంటించి, పాత టేబుల్ టెన్నిస్ బల్ల మీద ఎదురెదురుగా నిలబెడతారు. టేపుతో కొలిచి నడిపిస్తారు, పాచికలు వేసి గెలుపోటములు తేలుస్తారు. ఆదివారం వస్తే ఆ గదిలో కాలు పెట్టడానికి చోటుండదు.

మాస్టారు ఏ బొమ్మ చేతిలోకి తీసుకున్నా ముందు దాన్ని వెనక్కి తిప్పుతారు. వీపుసంచి, సంచి మీద చుట్టి కట్టిన కోటు, కోటును పట్టి ఉంచే పట్టీలు, నడుము వెనక తూటాల పెట్టె, ఇవన్నీ తీరిగ్గా వేసుకొస్తారు. కుంచె ముఖం దాకా వచ్చేసరికి ఏ సాయంత్రమో అవుతుంది. ఇదేం వరసండీ అని అడిగినవాళ్ళకు ఆయన జవాబు చెప్పిన దాఖలా లేదు. అడిగిన మనిషికి ఏదో ఒక పని పురమాయించేవారు, అంతే.

ఆయన దగ్గరకు కాకినాడ నుంచి నీలవేణి అనే అమ్మాయి వచ్చేది. ఫ్లెక్సీల షాపులో డిజైన్లు చేస్తుంది. బొమ్మలకు రంగు వేయడం ఆమెకు ఎవరూ నేర్పలేదు. ఫోన్లో వీడియోలు చూసి, పాడుచేసి, కడిగి, మళ్ళీ వేసి తనంతట తనే పట్టుకుంది. ఆమె చేతి నేర్పంతా ముఖాల్లోనే ఉంది. మినపగింజంత ముఖంలో కంటి తెలుపు, కింది పెదవి, చెంప మీద ఎండ కూడా తెప్పించేది. ఆ ముఖాలు ఊహించినవి కావు. తాళ్ళరేవు మీదుగా వచ్చే బస్సులో చూసినవే తెచ్చి ఫ్రెంచి సిపాయిలకు తగిలించేది. ఫుట్‌బోర్డు మీదివాళ్ళను కసిరే కండక్టరు, కిటికీ సీటు కోసం తగువుపడే పెద్దమనిషి, ఫోన్లో కూలీల మీద కేకలేసే రొయ్యల షెడ్డు సూపర్వైజరు. దాడికి పోయే సిపాయిలకు కావలసింది కోపం, ఆ బస్సులో దానికి కరువు లేదు.

మాస్టారి బీరువా మీద ఒక టేకు పెట్టె ఉండేది. అందులో ఉన్నది గార్డు, అంటే నెపోలియన్ అన్ని యుద్ధాల్లోనూ ఆఖరి ఘడియ దాకా వెనకే దాచుకున్న తన సొంత పటాలం. ఆ పెట్టె తెరిచి ఉండగా ఎవరూ చూడలేదు. అందులోని పని సగంలో ఆగిపోయిందని, ఈ మధ్య చెయ్యి వణుకుతోంది కాబట్టి ఎవరికో ఒకరికి అప్పగించాలని మాస్టారే ఒకటి రెండుసార్లు అన్నారు. అది తన చేతికే రావాలని నీలవేణి పట్టు. షాపులో ఆమె రోజూ చేసేవీ ముఖాలే. పుట్టినరోజు నాయకుల ముఖాలు, దినకర్మల ముఖాలు. కరెంటు స్తంభానికి కట్టిన వారానికల్లా చిరిగి కాలవలో పడేవి. చినగకుండా ఉండిపోయే పని ఒక్కటైనా తన చేత్తో జరగకపోతే తను ఎందుకు పుట్టినట్టు అనేంతదాకా వెళ్ళిపోయింది ఆమె ఆలోచన.

అందుకే ఒక ఆదివారం ఆట సర్దేశాక సూటిగా అడిగేసింది.

"నా చేతిలో ఏం తక్కువండీ మాస్టారూ? గార్డు నాకెందుకు ఇవ్వరు?"

మాస్టారు కళ్ళజోడు తీసి పంచె చెంగుతో తుడుచుకున్నారు. "నువ్వు ఒక్కసారీ ఆడలేదు కదూ?"

"నాకు ఆటెందుకండీ. నేను వేసేదాన్ని కదా."

"వచ్చే వారం నీ పటాలాన్ని నువ్వే నడిపించు" అన్నారు మాస్టారు.

మరుసటి వారం బల్ల మీద ఆకుపచ్చ దుప్పటి పరిచారు. దుప్పటి కింద పుస్తకాలు దూర్చితే గుట్టలయ్యాయి, పైన కొబ్బరిపీచు తుంచి వేస్తే పొదలయ్యాయి. అవతలి పక్కన తెల్లకోట్ల ఆస్ట్రియా సైన్యంతో పుల్లంరాజుగారు నిలబడ్డారు. ఆయనది రొయ్యల మేత వ్యాపారం, నోరు మంచిది గాని ఊరుకోదు. ఇవతలి పక్కన నీలవేణి, ఆమె ముందు ఆమె చేతి నీలికోట్ల పటాలం. తీర్పు చెప్పడానికి మాస్టారు బల్ల చివర కుర్చీ వేసుకున్నారు.

"కొత్త రంగు మొదటి ఆటలో పారిపోద్దంటారమ్మాయ్, నీకు తెలుసో లేదో" అన్నారు రాజుగారు. నిజంగానే ఆ గదిలో అందరికీ ఆ నమ్మకం ఉంది. ఎంతటి పటాలమైనా రంగు ఆరిన కొత్తలో నిలవదని చెప్పుకుంటారు.

"మీ వాళ్ళకు పాత రంగే కదండీ, అయినా పోయిన వారం పారిపోయారుగా" అంది నీలవేణి.

"ఆయ్, అదీ నిజమే" అని ఒప్పుకున్నారాయన.

ఆట మొదలవకముందే ఒక తమాషా జరిగింది. చూడవచ్చిన వాళ్ళంతా ఒక్కొక్కరే బల్ల చుట్టూ తిరిగి రాజుగారి పక్కకు చేరారు. ఫోన్లు తీసి, వంగి, ముఖాలను ఫోటోలు తీసుకుంటున్నారు. "వీడు మన కండక్టరు కాడూ?" అని ఎవరో నవ్వారు. నీలవేణి పక్కన ఎవరూ మిగల్లేదు. అప్పుడు ఆమె తన బొమ్మల వంక చూసుకుంది. శత్రువు వైపు తిరిగి నిలబడ్డ సైన్యం తన సేనానికి ఏం చూపిస్తుందో అదే కనిపించింది.

సంచులన్నిటికీ ఒకే మట్టిరంగు పులిమి ఉంది. పట్టీలు ఒకడికి కుడికి, ఒకడికి ఎడమకు వంకరపోయాయి. ఆఖరి వరసలో ఒకడికి భుజాల మధ్య రంగే తగల్లేదు. అడుగున పూసిన ప్రైమరు తెల్లగా, గోడ మీద సున్నం మచ్చలా మెరుస్తోంది. ఇన్నాళ్ళూ ఆదివారాలు కిటికీ దగ్గర కూర్చుని ముఖాలు వేసుకోవడమే గాని, బల్లకు ఏ పక్కన నిలబడితే ఏది కనిపిస్తుందని ఆమెకు తట్టనే లేదు. వేసిన ముఖాలన్నీ అవతలివాళ్ళకు, ఇవతల తనకు మిగిలింది మట్టి. ఇదన్నమాట మాస్టారి జవాబు అనుకుంది. సిగ్గుపడినా గుండె కాస్త తేలికైంది. వీపులే కదా, కూర్చుంటే అయిపోతాయి.

జవాబు దొరికిందనుకున్నాక ఆట మీద ఆమెకు ధ్యాస నిలవలేదు. బల్ల నడుమ ఒక గుట్ట ఉంది. పటాలాన్ని దాని చాటున ఆపితే రాజుగారి ఫిరంగులకు అందదు. పక్కనున్న రోడ్డు మీద నడిపితే నేరుగా వాటి నోట్లోకే.

"ఇంకొంచెం దగ్గరకు పంపమ్మాయ్" అన్నారు రాజుగారు బల్ల మీదికి వంగి. "కళ్ళజోడు తేలేదు. ఆ కనుగుడ్లు కూడా వేశావంటున్నారు, కనపడట్లేదు నాకు."

నీలవేణి నవ్వుతూ టేపు పరిచి పటాలాన్ని రోడ్డు మీదికి తోసింది.

"కొలిచావా?" అన్నారు మాస్టారు.

"ఆఁ, కొలిచానండీ."

ఆమె కొలిచింది వాళ్ళు ఎంత దూరం నడవగలరన్నది. ఫిరంగి ఎంత దూరం కొడుతుందో కొలవలేదు. రాజుగారు పాచికలు వేశారు. ముందు వరస పలకలు తీసి పక్కన ఒక బిస్కెట్ల డబ్బా మూతలో పెట్టారు. మళ్ళీ వేశారు, మళ్ళీ తీశారు. దెబ్బతిన్న పటాలానికి ఈ ఆటలో ధైర్యపరీక్ష ఉంటుంది. ఆ పాచిక సొంతదారే వెయ్యాలి. నీలవేణి వేసింది. తక్కువ పడింది.

"విరిగింది" అన్నారు మాస్టారు. "తిప్పమ్మా."

పటాలం విరిగితే దాన్ని ఇంటిదారి పట్టిస్తూ వెనక్కి తిప్పాలి. ఆ పని పటాలం ఎవరిదో వాళ్ళే చెయ్యాలి, వేరే చెయ్యి పడకూడదు. అది ఆ గది ఆచారం. నీలవేణి మిగిలిన పలకలను ఒక్కొక్కటే ఎత్తి తిప్పి పెట్టింది. అన్నీ తిప్పాక చేతులు వెనక్కి తీసుకుని చూసింది.

వాళ్ళంతా ఆమె వైపే చూస్తున్నారు. నోళ్ళు తెరిచి, కనుబొమలు ముడిచి, మెడనరాలు ఉబ్బించి అరుస్తున్నారు. శత్రువు మీద అరవమని వేసిన ముఖాలవి. ఇప్పుడు వాటి ఎదుట ఆమె తప్ప ఎవరూ లేరు. ఆఖరి వరస ఇప్పుడు మొదటి వరసైంది కాబట్టి అందరికంటే దగ్గరగా ఉన్నవాడు ఆ వీపు మచ్చవాడు. వాడికి ఆమె పెట్టింది కండక్టరు ముఖం. నిజం కండక్టరు ఆమె బస్సెక్కినప్పుడల్లా సీటు చూపించి కూర్చోబెట్టే మనిషి. కోపం కోసం అతని కోపం ఒక్కటే తెచ్చుకుంది, మిగతాది బస్సులోనే వదిలేసింది.

ఆమె తల తిప్పుకుని కిటికీ వైపు చూసింది. గోదావరి మీద జనాన్ని దాటించే పంటు ఒకటి అవతలి ఒడ్డుకు పోతోంది. దాన్నే చూస్తూ నిలబడింది.

"ఏమ్మాయ్, అలిగావా?" అన్నారు రాజుగారు. తర్వాత ఆమె ముఖం చూసి గొంతు తగ్గించారు. "నావాళ్ళు పారిపోయినప్పుడు నేనూ అంతేలే. టీ తాగడానికని కిందికి పోతా."

మిగతావాళ్ళంతా వెళ్ళాక కూడా నీలవేణి పలకలు సర్దుతూనే ఉంది. సర్దడమంటే, వాటిని బోర్లా పెట్టడం. మాస్టారు రాజుగారిని ఆపి, బీరువా మీది టేకు పెట్టె దించమన్నారు. దించి ఆయన కిందికి వెళ్ళిపోయాక మాస్టారే మూత తీశారు.

దూదిలో వెల్లకిలా పడుకుని గార్డు సిపాయిలు. పొడుగాటి ఎలుగుతోలు టోపీలు, వాటి కింద బూడిదరంగు సీసపు ముఖాలు. కళ్ళు లేవు, పెదవులు లేవు.

"వీళ్ళకసలు ఏమీ వెయ్యలేదా మాస్టారండీ?"

మాస్టారు ఒకడిని తీసి ఆమె అరచేతిలో బోర్లా పెట్టారు. వీపుసంచి తోలు మీద వెంట్రుకలు ఏ వెంట్రుకకు ఆ వెంట్రుకగా ఉన్నాయి. చుట్టిన కోటు మడతలో నీడ ఉంది. ఒక పట్టీ అరిగి, దారంతో కుట్టిన అతుకు కూడా కనిపిస్తోంది. మెడ మీద చిన్న జడ, దాని చివర నల్ల రిబ్బను ముడి. చాలా దూరం తన ముందు నడిచిన మనిషిని వెనక నుంచి చూసిన వాళ్ళు వేసినట్టుంది. ఆమె ఇంకొకణ్ణి తిప్పింది. వాడి పట్టీ అతుకు వేరు.

"మరి ముఖాలెందుకు వదిలేశారు?"

"ఆఖరి యుద్ధంలో ఒకే ఒక్కసారి వెనక్కి తిరిగారమ్మా వీళ్ళు" అన్నారు మాస్టారు. "ఆ క్షణాన ఎలా ఉన్నారో నాకు తేలలేదు. నా వల్ల కాలేదు."

ఆయన ఆ బొమ్మను ఆమె చేతిలోనే వదిలేసి, పెట్టెను ఆమె వైపు జరిపారు. నెలల తరబడి అడిగినది అంత దగ్గరకు వచ్చాక నీలవేణి దాన్ని ముట్టుకోలేదు. బల్ల మీద బోర్లా పడి ఉన్న తన పటాలం వంక ఒకసారి చూసింది.

"నన్నెలా వెయ్యమంటారండీ మరి?"

మాస్టారు దుప్పటి కింద నుంచి పుస్తకాలు ఒక్కొక్కటే తీస్తున్నారు. గుట్టలు కిందికి దిగిపోయాయి.

"వీళ్ళు నీ వైపు తిరిగినా నువ్వు కిటికీ వైపు చూడక్కర్లేకుండా."