నక్క కట్టేసిన బడి

ఉత్తరపు కొండల కొసన, కాకి సైతం దారిలో మూడుసార్లు ఆగి ఆయాసం తీర్చుకుంటే తప్ప చేరలేని గూడెంలో ఒక బడి ఉండేది. దాని వయసెంతంటే, తాబేలు తాత అందులోనే అక్షరాలు దిద్దాడు! వాన పడితే కప్పలు వచ్చి ముందు వరుసలో కూర్చునేవి. ఎవరైనా తుమ్మితే గోడ పెచ్చు ఊడేది. అందుకని తుమ్మొస్తే బయటికి పరుగెత్తాలని ఎలుగుబంటి పంతులమ్మ భల్లమ్మ నియమం పెట్టింది.

మంచు కురిసేలోపు కొత్త బడి లేవకపోతే పిల్లలకు ఆ ఏడు చదువు లేనట్టే. భల్లమ్మకు అదే బెంగ.

అప్పుడు దిగాడు నక్క జిత్తయ్య.

"పులిగారికి నేను కట్టిన మేడ చూశారా? అడ్డొచ్చిందని చందమామ పక్కనుంచి తిరిగి పోతున్నాడు! నెల తిరక్కుండా మీ బడి కట్టేస్తాను. రోజుకో ఇంట భోజనం పెట్టండి, పనయ్యాక పట్టు కప్పి సన్మానం చెయ్యండి, చాలు."

"అలాగే జిత్తయ్యా, పట్టే కప్పుతాం," అంది భల్లమ్మ.

నెలంతా తిన్నాడు. తేన్చితే కొండలు అదిరాయి గానీ ఒక్క రాయి కదిలితే ఒట్టు. ఆఖరి రోజున పాత బడి చుట్టూ అడవితీగ ఏడు చుట్లు చుట్టి ముడేశాడు.

"ఇదేంట్రా?" అన్నాడు తాబేలు తాత.

"కట్టేస్తానన్నాను, కట్టేశాను! లాగి చూసుకో తాతా, ఊడితే అడుగు."

"మరి మా పిల్లల గతేంటి పంతులమ్మా?" కుందేలు కాంతమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"మాటంటే మాటే. సన్మానం జరగాల్సిందే," అని భల్లమ్మ కొండచరియ ఎక్కింది.

జిత్తయ్య కళ్ళు మూసుకుని, మెడ వంచి సిద్ధంగా నిలబడ్డాడు. నెత్తిమీద ఏదో ఝుమ్మంది. చూస్తే, భల్లమ్మ చేతిలో గంపంత తేనెపట్టు! దానిమీద లక్ష తేనెటీగలు!

"అయ్యో అక్కా! పట్టంటే పట్టుబట్ట కదా!"

"అలాగా? మరి బడి కట్టడమంటే?"

"గోడలు లేపడం! కప్పు వెయ్యడం! తలుపు బిగించడం!"

"శభాష్, అర్థాలు తెలిసినవాడివే. ఇక మొదలుపెట్టు. ఇది నా చేతిలోనే ఉంటుంది."

జిత్తయ్య మట్టి తొక్కిన వేగానికి వాగు ఆగి వెనక్కి చూసింది. మూడో రోజుకు బడి లేచింది, నాలుగో రోజు మంచు పడింది. లోపల పిల్లలు హాయిగా తుమ్ముకుంటూ కొత్త పాఠం అందుకున్నారు: నానార్థాలు.

నీతి: మాటలో మెలిక పెట్టేవాడు, ఎదుటివాళ్ళకూ అదే భాష వచ్చని మరచిపోకూడదు.