తడి గచ్చు మీద పందెం

రాజుగారి కొత్త కొలువుకూటంలో వేసిన సున్నపు గచ్చు ఇంకా ఆరలేదు. వంటశాలకు దారి అటే. భారీ మనిషి అయిన వంటామె గవరమ్మను దివాను విస్సన్న గుమ్మంలోనే ఆపేశాడు.

"నువ్వు కాలు పెడితే గచ్చు కుంగిపోతుంది. రేపటి నుంచి వంటకి సన్నటి మనిషిని పెడుతున్నాం, పో!"

గవరమ్మ, అక్కడే గచ్చు పని చూస్తున్న రాజుగారి వైపు తిరిగింది. "మారాజా, ఈ మూల ఇద్దరం నాలుగడుగులు వేస్తాం. ఎవరి అడుగు లోతుగా దిగితే వాళ్లే కొలువు మానుకోవాలి."

రాజుగారు సరేనన్నారు. బక్కపల్చటి దివాను పకపకా నవ్వి, ఎత్తు పావుకోళ్లతో ముందు నడిచాడు. వాటి కింది సన్నటి కొయ్యలు గచ్చులో కసుక్కున దిగబడ్డాయి. గవరమ్మ ఉత్త కాళ్లతో, పాదం మొత్తం ఆనిస్తూ నడిచింది. పైపైన అచ్చులు పడ్డాయంతే.

"ఇదెలా?" అన్నారు రాజుగారు.

"నా బరువు వెడల్పాటి పాదాల మీద పరుచుకుంది మారాజా. దివానుగారు ఉన్న కాస్త బరువునీ ఆ చిన్న కొయ్యల మీదే మోపారు."

గచ్చు మీదే ఉండిపోయిన దివాను బిక్కమొహం వేశాడు. "మరి ఇంకా గుంటలు పడకుండా నేను వెనక్కి రావడమెలా?"

"పడుకుని దొర్లుకుంటూ రండి బాబూ. ఒళ్లంతా ఆనితే గచ్చుకి నొప్పి తగలదు."

రాజుగారు నవ్వాపుకోలేక, "దొర్లవయ్యా, కొలువు సంగతి తర్వాత చూద్దాం" అన్నారు.

దివాను దొర్లిన మేర గచ్చు నున్నగా సాపయింది.