మోచేతి లోతున పియోనీ

అనగనగనగా, చలికాలం వస్తే గాబులో నీళ్లు కూడా గడ్డకట్టే ఒక కొండకింది ఊరు. ఆ ఊళ్లో రత్నాల వర్తకుడు మణిగుప్తుడు, అతని తల్లి అనసూయమ్మ, పెళ్లికావలసిన తమ్ముడు ఉండేవారు. ఆ ఇంటికి కొండమీద నుంచి కోడలుగా వచ్చింది హైమవతి.

ఆ ఇంట్లో ఒక ఆచారం ఉంది. కొత్తకోడలు పుట్టింటి నుంచి ఒక మొక్క తేవాలి. పెళ్లికొడుకు దాన్ని పెరట్లో నాటాలి. మూడు వసంతాల్లో పూస్తే కోడలు ఆ ఇంటిది. పూయకపోతే పుట్టింటిది. పెళ్లికొడుక్కి మాత్రం ఏ పరీక్షా లేదు. అతను పుట్టుకతోనే పూసినవాడు కాబోలు!

హైమవతి పియోనీ దుంప తెచ్చింది. మంచు కరగగానే రెండు చేతుల్లో పట్టనంత గులాబీరంగు పువ్వు పూస్తుందది.

"ఏమండీ, పైపైనే నాటండి. ఈ ఎర్రని మొలకకళ్ల మీద రెండు వేళ్ల మన్ను చాలు," అంది.

మణిగుప్తుడు నవ్వాడు. "రత్నాలవాళ్లకి పాతడం నేర్పుతావా? విలువైనది ఎంత లోతున ఉంటే అంత భద్రం."

దొంగల భయంతో సొమ్ము పాతిపెట్టే వంశం వాళ్లది. మోచేతి లోతున పాతాడు.

మొదటి వసంతంలో పాలిపోయిన ఆకులొచ్చాయి. పువ్వు లేదు. దిష్టి తగిలిందని అనసూయమ్మ పైన తాటాకు పందిరి వేయించింది. రెండో వసంతంలోనూ ఆకులే. వేళ్లు పట్టాయో లేదోనని మణిగుప్తుడు దుంపని పెళ్లగించి చూశాడు. చూసి, ఇంకా లోతుగా పాతాడు. మూడో వసంతంలో ఆకులు కూడా సరిగ్గా రాలేదు.

"గొడ్డుమొక్కని తెచ్చింది మహాతల్లి! పెట్టె సర్దుకో," అంది అనసూయమ్మ.

హైమవతి ఏడవలేదు. పెట్టె సర్ది వసారాలో పెట్టి వచ్చింది.

"సర్దాను అత్తయ్యా. లోతున పాతింది ఆయన. ఎండ తగలకుండా కప్పింది మీరు. పెళ్లగించింది మళ్లీ ఆయనే. పూయని తప్పు మాత్రం నాదా? ఇన్నాళ్లలో నా వేలైనా ఆ మట్టికి తగిలిందా? ఒక్కసారి తగలనివ్వండి. అప్పటికీ పూయకపోతే పెట్టె నేనే మోసుకుపోతాను."

"ఆడది పార పట్టడమా? ఊరు నవ్వదూ!" అన్నాడు మణిగుప్తుడు.

"మీరు పెళ్లగించిన రోజునే నవ్వింది లెండి. ఊరికి అలవాటే."

అనసూయమ్మకి నవ్వొచ్చింది. కొంగు మూతికి అడ్డం పెట్టుకుని, "నాటనీరా, చూద్దాం," అంది.

హైమవతి పందిరి పీకేసింది. ఎండపొడ తగిలే చోట, రెండు వేళ్ల మన్ను కింద దుంప నాటింది.

వసంతం వచ్చింది. ఆకులే. "చూశావా?" అన్నాడు మణిగుప్తుడు.

"కదిపిన మొక్క కాలూనుకోవాలి. మీరు చేతులు కట్టుకు కూర్చోండి. దానికదే ఎరువు."

చలికాలం వచ్చింది. అతను కంబళి పట్టుకొచ్చాడు. "కప్పకండి. చలి దాని పుట్టిల్లు," అందామె.

మళ్లీ వసంతం. మొగ్గలొచ్చాయి, వాటి మీదికి చీమలొచ్చాయి. అనసూయమ్మ వేణ్ణీళ్ల చెంబుతో పరిగెత్తింది. "వద్దత్తయ్యా! అవి తీపి నాకి పోతాయి, మొగ్గ జోలికి రావు."

చెంబు కింద పెట్టిన కొన్నాళ్లకే పియోనీ విచ్చుకుంది. ఊరంతా చూడవచ్చింది.

"అంతా మా పెరటి మట్టి మహిమ!" అన్నాడు మణిగుప్తుడు మీసం దువ్వుతూ. "హైమా, ఇక నువ్వు ఈ ఇంటిదానివే."

"ఉండేదీ వెళ్లేదీ ఇకమీద నేను చెబుతాను. ఈ ఆచారం ఉన్న ఇంట్లో మాత్రం ఉండను. పెట్టె సర్దే ఉంది."

అతను తల్లి వైపు చూశాడు. అనసూయమ్మ పువ్వునే చూస్తూ ఉండిపోయింది.

ఆ ఎండాకాలమే తమ్ముడికి పెళ్లయింది. కొత్తకోడలు చేతిలో మొక్కతో గుమ్మం దాటింది. తమ్ముడు పంచె ఎగగట్టి పార అందుకున్నాడు. అనసూయమ్మ ఆ పార లాక్కుని పిల్ల చేతిలో పెట్టింది.

"నువ్వు జరుగు నాయనా. ఏమ్మా, ఎంత లోతో నువ్వే చూసుకో. పూసినా, పూయకపోయినా ఈ ఇల్లు నీదే."

వసారాలో ఉన్న పెట్టెని హైమవతి ఆ రోజు విప్పింది.

పూయలేదని మొక్కని తిట్టేముందు, దాని మీద మనం ఎంత మన్ను పోశామో చూసుకోవాలి.