నీలం కారుకు పూత

కాకినాడలో కళ్లజోళ్ల షాపు నడిపే త్రినాథరావు మంచివాడే గానీ, ఏ విషయంలోనైనా అనుమానం ఒకటి పట్టుకుందంటే పదిమందిని అడిగి, పదిమంది మాటా నమ్మి, ఏదీ తేల్చుకోలేక కాలు గాలిన పిల్లిలా తిరుగుతూ ఉండేవాడు.

యాభయ్యో ఏట అతను మొదటిసారి కారు కొన్నాడు. ముదురు నీలం రంగు కారు. అంతకు ముందు ఇరవై ఏళ్లూ స్కూటరే. కారు కొనాలని పట్టుబట్టింది కూడా తన కోసం కాదు, అక్క సీతారత్నం కోసం. ఆమె ఉప్పాడలో జాందానీ చీరలు నేసేది. వెంట్రుకంత సన్నని దారాలతో పువ్వులనీ హంసలనీ నేతలోనే దించే పని అది. భర్త పోయాక కూడా ఆమె మగ్గం వదల్లేదు. తమ్ముణ్ణి కళ్లజోళ్ల చదువు చదివించింది ఆ మగ్గం మీదే. ఇప్పుడామెకు అరవై దాటాయి. బస్సెక్కితే నడుము పట్టేస్తోందని ఊరు కదలడం మానేసింది.

"ఇక నువ్వు బస్సెక్కే పనే లేదక్కా. నెలకోసారి నేనే కారులో వచ్చి తీసుకెళ్తాను. ముందు ఈ ఆదివారం పెద్ద డాక్టరుకి కళ్లు చూపిద్దాం" అని త్రినాథరావు మాటిచ్చాడు.

ఆ ఆదివారం రానేలేదు. కారు ఇంటికొచ్చిన రోజునే షోరూమ్ అబ్బాయి అతని చెవిలో ఒక మాట వేశాడు.

"సార్, మనది సముద్రం ఊరు. ఉప్పు గాలికి ఏడాది తిరిగేసరికి రంగు వెలిసిపోద్ది. రంగు మీద సిరామిక్ కోటింగ్ అని ఒక పూత ఉంది, వేయించేయండి. అద్దంలా ఉంటది. ముప్పై ఐదు వేలే."

ముప్పై ఐదు వేలు! త్రినాథరావు ఆలోచించి చెబుతానని వచ్చేశాడు. ఆలోచన అతనికి చేతకాదు. అడగడమే చేతనవును.

ముందు తన స్కూటర్ మెకానిక్‌ని అడిగాడు. "దండగండీ బాబూ. నెలకోసారి మైనం పాలిష్ కొట్టించుకోండి, చాలు" అన్నాడతను. త్రినాథరావు మనసు కుదుటపడింది. సాయంత్రం ఎదురింటి లెక్చరర్‌ని అడిగాడు. "వేయించకపోతే మూర్ఖత్వమండీ. గాజు కన్నా గట్టిగా ఉంటుందిట, మేకుతో గీసినా గీత పడదుట" అన్నాడాయన. త్రినాథరావు మనసు మళ్లీ లేచి కూర్చుంది. ఆ పైన ఫోనులో వీడియోలు చూడడం మొదలుపెట్టాడు. ఒకడు కోటింగ్ వేసిన బానెట్ మీద నీళ్లు పోసి, ముత్యాల్లా జారిపోతుంటే చూపించేవాడు. ఇంకొకడు అదే కోటింగ్ మీద పడిన గీతల్ని వేలితో తడిమి చూపించి నవ్వేవాడు.

పొద్దున వేయిద్దామనుకునేవాడు. మధ్యాహ్నానికి వద్దనుకునేవాడు. అన్నం ముందు కూర్చుని ముద్ద కలుపుతూ కలుపుతూ ఆగిపోయేవాడు.

ఈలోగా కారు మీద గీత పడకూడదని దానికి మందపాటి ముసుగు తొడిగాడు. షాపుకు మళ్లీ స్కూటర్ మీదే వెళ్తున్నాడు. గంటకోసారి ఇంటికి ఫోన్ చేసి, కాకులేమైనా వాలాయా అని భార్య వనజను అడుగుతున్నాడు.

"వాలాయి. కాఫీ కూడా ఇచ్చాను" అందామె ఒకరోజు విసిగిపోయి. "ఏవండీ, వదినని తీసుకొస్తానని చెప్పి రెండు ఆదివారాలైంది. గుర్తుందా?"

"కోటింగ్ సంగతి తేలనీ వనజా. ఆ బీచ్ రోడ్డంతా ఉప్పు తుంపర. పూత లేకుండా తీసుకెళ్తే కొత్త బండి నాశనమైపోదూ?"

ఆ మంగళవారం షాపులో ఉండగా సీతారత్నం ఫోన్ చేసింది. త్రినాథరావు ఫోన్‌ని స్పీకర్‌లో పెట్టి, కంప్యూటర్ తెర మీద కోటింగుల పోలికలు చదువుతూనే మాట్లాడాడు.

"ఒరే తమ్ముడూ, నిన్నటి నుంచీ కుడికన్ను పక్కన ఏదో తళుక్కు తళుక్కుమంటోందిరా. ఎవరో టార్చిలైటు వేసి తీసినట్టు. నల్లగా నలుసులు కూడా తేలుతున్నాయి."

"ఊఁ."

"మగ్గం మీద కూచుంటే దారం కన్నా ఆ నలుసులే ఎక్కువ కనిపిస్తున్నాయి."

"ఎక్కువసేపు చూస్తున్నావు కదక్కా, అలసట. చుక్కల మందు వేసుకో. వచ్చే ఆదివారం తప్పకుండా వస్తాను."

"నువ్వు చెప్పావంటే సరేరా. నాకేం తెలుసు, కళ్ల సంగతి నీకే తెలుసు" అంది సీతారత్నం. ఆమె గొంతులో బెంగ తీరిపోయింది.

కంట్లో మెరుపులు అని ఏ కొత్త మనిషి వచ్చి చెప్పినా, త్రినాథరావు కుర్చీలోంచి లేచి "అయ్యా, ఇది కళ్లజోడుతో పోయేది కాదు, ఈ క్షణమే ఆస్పత్రికి వెళ్లండి" అని ఆటో ఎక్కించి పంపేవాడు. అలా ఎంతోమందిని పంపాడు కూడా. ఆ రోజు అక్క మాట అతని చెవిలో పడింది గానీ మనసులోకి దిగలేదు. మనసులో చోటు లేదు.

మర్నాడు అతను కోటింగ్ వేసే బషీర్ షెడ్డుకు వెళ్లాడు. బషీర్ ఊళ్లో చాలాకాలంగా ఆ పనిలో ఉన్నవాడు. అతని కళ్లజోడు త్రినాథరావు షాపులో చేయించుకున్నదే.

"బండి ఎండలో పెడతారా, నీడలోనా?" అని అడిగాడు బషీర్.

"ఇంటి దగ్గర షెడ్డు ఉంది."

"రోజుకి ఎంత దూరం తిప్పుతారు?"

"ఇంకా తిప్పలేదు."

"కడిగేదెవరు? మీరా, ఎవరికైనా ఇస్తారా? ఎన్నేళ్లు ఉంచుకుందామని?"

ఇవేవీ త్రినాథరావు ఆలోచించలేదు. బషీర్ నవ్వాడు.

"సార్, నాకు అద్దాలు ఇచ్చేటప్పుడు మీరేం అడిగారు? ఏం పని చేస్తావు, ఎండలో ఉంటావా, దగ్గర చూపు పనా, దూరం చూపు పనా అని అడిగాకే గదండీ పూత ఉన్న అద్దాలు ఇచ్చారు. నేనూ అదే అడుగుతున్నాను. ఈ కోటింగ్ మంచిదే. మురికి అంటుకోదు, కడగడం తేలిక, ఎండకి రంగు నిలుస్తుంది. గులకరాయి తగిలితే మాత్రం ఆపదు. ఎవడైనా గుద్దితే సొట్ట మామూలుగానే పడుతుంది. బయట పడుండే బండికీ, పదేళ్లు ఉంచుకునేవాళ్లకీ పనికొస్తుంది. మీరు ఒక నెల రోజులు హాయిగా తిప్పండి. అప్పటికీ కావాలనిపిస్తే రండి, వేస్తాను. రంగు ఎక్కడికీ పోదు."

ఇంత సూటిగా చెప్పినవాడు ఇంకొకడు లేడు. త్రినాథరావుకు మాత్రం దారి పొడుగునా కొత్త అనుమానం మొదలైంది. చేతికొచ్చిన బేరాన్ని ఎవడైనా వదులుకుంటాడా? అతని దగ్గర మంచి సరుకు లేదేమో, పని రాదేమో. ఈ ఆలోచనలతో మరో నాలుగు రోజులు గడిచాయి. చివరికి ఈ బాధ పడలేక, బైపాస్ దగ్గర కొత్తగా పెట్టిన ఒక పెద్ద షాపులో కారు అప్పజెప్పాడు. రెండు రోజుల తర్వాత ఇచ్చారు. కారు నీలిమణిలా ధగధగలాడుతోంది.

"సార్, ఒక్కటే జాగ్రత్త. వారం రోజులు నీళ్లు తగలకూడదు. పూత గట్టిపడాలి" అన్నాడు షాపువాడు.

ఇక నిశ్చింతగా ఉంటాడనుకుంది వనజ. అతనికి నిశ్చింత ఎక్కడిది? ఇప్పుడు మబ్బుల భయం పట్టుకుంది. రోజుకు పదిసార్లు వాకిట్లోకొచ్చి ఆకాశం కేసి చూసేవాడు.

మూడోరోజు మధ్యాహ్నం వాన పట్టుకుంది. సముద్రం మీద వాయుగుండం అన్నారు. అన్నం తింటుండగా ఉప్పాడ నుంచి ఫోన్ వచ్చింది.

"తమ్ముడూ, కుడికంటికి కింద నుంచి ఏదో నల్లటి తెర లేస్తోందిరా. పొద్దున అంచు వరకే ఉంది. ఇప్పుడు సగానికి వచ్చేసింది. ఎడమకన్ను మూస్తే నా చెయ్యి నాకే సరిగా కనబడ్డం లేదు."

త్రినాథరావు ముద్ద పళ్లెంలో పెట్టేశాడు. ఆ తెర ఏమిటో అతనికి తెలుసు. మెరుపులు ఏమిటో కూడా ఇప్పుడు తెలిసింది. పది రోజుల కింద విన్న ప్రతి మాటా మళ్లీ వినబడింది.

"అక్కా, ఆటో ఎక్కి వచ్చెయ్. నేను ఆస్పత్రి గుమ్మంలో నిలబడతాను."

"ఆటోలు లేవురా. కెరటాలు రోడ్డు మీదికి వచ్చేస్తున్నాయని ఎవరూ కదలడం లేదు."

అతను లేచి చెయ్యి కడుక్కున్నాడు. కారు తాళం తీసుకుని వాకిట్లోకి వచ్చాడు. వాన గొడుగులు విరిచేలా కురుస్తోంది. పూతకు ఇంకా నాలుగు రోజులు కావాలి. "కాస్త తెరిపి ఇస్తుందేమో, ఒక్క పావుగంట చూద్దాం" అన్నాడు. పావుగంట అరగంటైంది. గుమ్మానికీ షెడ్డుకీ మధ్య తిరుగుతూనే ఉన్నాడు.

వనజ లోపలికి వెళ్లి వానకోటు తొడుక్కుని వచ్చింది. ఆమె చేతిలో స్కూటర్ తాళం ఉంది.

"ఎక్కడికి?"

"వదిన దగ్గరికి. ఆవిడ కన్ను కూడా తెరిపి ఇస్తుందేమో చూద్దామంటే మీరిక్కడే ఉండండి."

త్రినాథరావు చెంప మీద కొట్టినట్టయింది. ముసుగు లాగి అవతల పారేశాడు. ఇద్దరూ కారెక్కారు.

బీచ్ రోడ్డు మూసేశారు. పిఠాపురం మీదుగా చుట్టూ తిరిగి వెళ్లారు. కారు గుంటల్లో పడి లేచింది. ఎదురొచ్చిన లారీ ఒకటి బురద నీళ్లు అద్దాల మీద చిమ్మింది. త్రినాథరావు ఒక్కసారి కూడా బానెట్ కేసి చూడలేదు. ఉప్పాడ వీధిలో సీతారత్నం చూరు కింద నిలబడి ఉంది. కుడికన్ను అరచేత్తో మూసుకుంది. తమ్ముణ్ణి చూడగానే ఆమె అన్న మొదటి మాట ఇది.

"అయ్యో, కొత్త కారంతా బురదైపోయిందిరా. వాన తగ్గాక నేనే ఎలాగోలా వచ్చేదాన్నిగా."

త్రినాథరావు దిగి వెళ్లాడు. అక్కను చెయ్యి పట్టుకుని కారులో కూర్చోబెట్టాడు.

ఆస్పత్రిలో డాక్టరమ్మ కంట్లోకి లైటు వేసి చాలాసేపు చూసింది. "కంటి లోపల వెనకున్న పొర ఊడిపోయింది. రేపు పొద్దున్నే ఆపరేషన్ చెయ్యాలి. మెరుపులు ఎన్నాళ్ల నుంచి వస్తున్నాయమ్మా?" అని అడిగింది.

"పది రోజులైందమ్మా. వచ్చిన మర్నాడే మా తమ్ముడికి చెప్పాను. అలసట అన్నాడు."

డాక్టరమ్మ తలెత్తి చూసింది. "మీరు కళ్లజోళ్ల షాపు త్రినాథరావు గారు కదూ? మెరుపులన్న పేషెంట్లని అదే రోజు నా దగ్గరికి పంపుతారు మీరు. పొర మీద చిరుగు ఉన్నప్పుడే వస్తే లేజరుతో పది నిమిషాల పని. ఇప్పుడు మధ్య చూపునిచ్చే భాగం కూడా లేచిపోయింది. ఎంత వరకు వస్తుందో చెప్పలేను."

ఆమె గొంతు కఠినంగా లేదు. అందుకే అది త్రినాథరావుకు ఇంకా గట్టిగా తగిలింది. గోడకు ఆనుకుని నిలబడిపోయాడు. సీతారత్నమే అతని చెయ్యి తడిమి పట్టుకుని, "ఊరుకోరా. రెండోది ఉందిగా" అంది.

ఆపరేషన్ జరిగింది. కన్ను దక్కింది. చూపు మాత్రం సగమే వచ్చింది. గీతలన్నీ వంకరగా కనిపించేవి. హంసలూ పువ్వులూ దించే పని ఆమె పక్కవీధి పద్మావతికి అప్పగించింది. తాను సాదా చీరలు నేయడం మొదలుపెట్టింది. "చెయ్యి ఊరుకోదు, ఏదో ఒకటి ఆడాలి" అని నవ్వేది. ఆ నవ్వు చూసినప్పుడల్లా త్రినాథరావు తల దించుకునేవాడు.

ఆ వానకు కారు పూత అక్కడక్కడా మచ్చలు కట్టింది. షాపువాళ్లు బాగుచేసి ఇచ్చారు. తర్వాత అది బాగానే పనిచేసింది. ఎంత బురదైనా ఒక బకెట్టు నీళ్లకు పోయేది. నిజానికి ఆ పూత వేయించడం తప్పూ కాదు, వేయించకపోవడం తప్పూ కాదు. అది ఏ సాయంత్రమైనా తీరుబడిగా తేల్చుకోదగ్గ చిన్న విషయం. త్రినాథరావు దాన్ని నెత్తి మీద పెట్టుకుని తిరిగాడు. ఆ బరువులో అసలు విషయం కనబడలేదు.

ఇప్పుడతను వారానికోసారి ఉప్పాడ వెళ్తాడు. ఆ వీధిలో కంటి జబ్బున్న ముసలివాళ్లనందరినీ ఆ కారులోనే ఆస్పత్రికి తీసుకొస్తాడు. వాళ్ల చేపల బుట్టలూ, ఇసక కాళ్లూ, తడి గొడుగులూ అన్నీ అందులోనే. ఎవరైనా మాట్లాడుతుంటే ఫోను బోర్లించి పెట్టి, వాళ్ల ముఖంలోకి చూస్తూ వింటాడు.

వస్తువును కాపాడుకోవడం తప్పు కాదు. కానీ ఆ వస్తువును ఎవరి కోసం తెచ్చుకున్నామో వాళ్లనే మరిచి దాన్ని కాపాడేవాడు, కాపాడవలసినదాన్నే పోగొట్టుకుంటాడు.