తిర్సమ్మ ఒప్పుకోని పాట

అనగనగా, ఉప్పుమడుల పక్కన, పొద్దస్తమానం సముద్రపు గాలి కొట్టే ఒక ఊళ్ళో గెర్షోను అని ఒకాయన ఉండేవాడు. మన యూదుల ప్రార్థన మందిరం ఉంటుంది చూడు లేయా, అందులో అందరికంటే ముందు నిలబడి ప్రార్థన పాడేవాడన్నమాట. అలాంటాయన్ని హజ్జాన్ అంటారు. కాళ్ళు దుప్పట్లో పెట్టుకో, చెప్తాను.

హజ్జాన్ అంటే ఉత్త పాటగాడు కాదు. ఊరి మాటంతా దేవుడి దగ్గరికి మోసుకెళ్ళే మనిషి. చదువు రానివాళ్ళు, నోరు తిరగనివాళ్ళు ఆయన వెనకాల నిలబడి ఆమెన్ అంటే చాలు, వాళ్ళ ప్రార్థన కూడా చేరినట్టే. అందుకే ఆ ఊళ్ళో ఒక కట్టుబాటు ఉండేది. పెద్ద ఉపవాసం పండుగకి ముందు అందరినీ అడగాలి. ఒక్కరు వద్దన్నా ఆయన నిలబడకూడదు.

గెర్షోనుని వద్దనేవాళ్ళు ఎవరుంటారు చెప్పు? ఆయన రాగం తీస్తే పాలకి ఏడ్చే పిల్ల కూడా నోరు మూసుకునేది. ఆ సంగతి ఊరికి తెలుసు. ఊరికంటే బాగా గెర్షోనుకి తెలుసు.

ఆ ఏడు కూడా సంఘం పెద్ద ఓబెదు లేచి, గెర్షోను నిలబడటం అందరికీ సమ్మతమేనా అని అడిగాడు. అందరూ తలలూపారు. అప్పుడు ఆడవాళ్ళ వైపు నుంచి తిర్సమ్మ లేచింది. ఎండుచేపలు అమ్ముకునే ముసలామె. తనకి సమ్మతం కాదని చెప్పి కూర్చుంది. ఎందుకమ్మా అంటే, ఆ అబ్బాయినే తెలుసుకోమనండి అంది.

ఇంకేముంది, గెర్షోనుకి అన్నం సయించలేదు. వాళ్ళ తాత నిలబడిన చోటు అది, వాళ్ళ నాన్న నిలబడిన చోటు. పైగా పండుగ పాటలన్నీ వచ్చినవాడు ఊళ్ళో ఇంకొకడు లేడు. ఆయన నిలబడకపోతే ఊరి ప్రార్థన ఊళ్ళోనే ఉండిపోతుంది.

పాపం, తిర్సమ్మ తన పాట సరిగ్గా విని ఉండదు అనుకున్నాడు. చూశావా, ఎంత ధీమానో. మర్నాడు పొద్దున్నే ఆమె అరుగు మీద కూర్చుని రాగం అందుకున్నాడు. వీధి వీధంతా చేరింది. తిర్సమ్మ మాత్రం చేపల మీద వాలే కాకుల్ని తోలుతూ కూర్చుంది. పాట అయ్యాక, నీ నీడ చేపల మీద పడుతోంది, కాస్త జరుగు నాయనా అంది.

ఆ తర్వాతి రోజు వాళ్ళావిడ చేత కజ్జికాయలు చేయించి పళ్ళెం నిండా పట్టుకెళ్ళాడు. తిర్సమ్మ తీసుకుంది. తింది. నీ పెళ్ళాం చేతిలో మంచి రుచి ఉందని మెచ్చుకుంది. పళ్ళెం కడిగి చేతిలో పెట్టింది. సమ్మతం సంగతి మాత్రం ఎత్తలేదు.

మూడో రోజు గెర్షోను పాట పట్టుకెళ్ళలేదు, పళ్ళెమూ పట్టుకెళ్ళలేదు. వెళ్ళి అరుగు మీద ఊరికే కూర్చున్నాడు. నోరు మూసుకుని కూర్చున్నాడు కదా, అప్పుడు చెవి పనిచేసింది. లోపల ఎవరో దగ్గుతున్నారు. తిర్సమ్మ మొగుడు ఏలీషా. ఏడాది పైగా మంచం పట్టి ఉన్నాడు. మొన్న అదే అరుగు మీద అంతసేపు పాడాడా, ఆ దగ్గు గెర్షోనుకి వినపడనే లేదు.

"నేనేం తప్పు చేశానత్తా?" అని అడిగాడు.

అప్పుడు చెప్పింది తిర్సమ్మ. ప్రార్థన మధ్యలో జబ్బుపడ్డవాళ్ళ పేర్లు దేవుడికి చెప్పాలి లేయా. పేరుకి ముందు అమ్మ పేరు కూడా చెప్పాలి. నీకు జ్వరమొస్తే, సారమ్మ కూతురు లేయా అని చెప్తారు. నాన్న పేరు ఎందుకు చెప్పరని అడగకు, జ్వరమొస్తే రాత్రంతా నీ పక్కన కూర్చునేదెవరు మరి? కిందటేడు పండుగకి తిర్సమ్మ తన మొగుడి పేరు చెప్పమని గెర్షోనుని అడిగింది. ఆయన ఆఁ ఆఁ అన్నాడు. తీరా ఆ చోటు వచ్చేసరికి ఆయన రాగం ఆయనకే ముద్దొచ్చింది. పైకెక్కాడు, ఇంకా పైకెక్కాడు, పేర్లు దాటేసి అవతల దిగాడు.

"మంచంతో సహా మోయించుకుని వచ్చాడురా ఆయన" అంది తిర్సమ్మ. "పేరు వినపడితే ఆమెన్ అందామని చివరిదాకా చూశాడు."

గెర్షోనుకి ఏడుపొచ్చింది. ఇంత గొంతు పెట్టుకుని ఒక్క పేరు మోయలేకపోయానే అని సిగ్గుతో చచ్చిపోయాడు. సాకులు చెప్పలేదు. ఏలీషా వాళ్ళమ్మ పేరు అడిగాడు. కెతూరమ్మ అని చెప్పింది. ఆ తర్వాత ప్రతి గుమ్మం ముందూ ఆగి, మీ ఇంట్లో ఒంట్లో బాగాలేనివాళ్ళు ఎవరు, వాళ్ళమ్మ పేరేమిటి అని అడుగుతూ ఇంటికి పోయాడు.

పండుగ వచ్చింది. ఓబెదు మళ్ళీ అడిగాడు. అందరూ తిర్సమ్మ వైపే చూశారు. నిలబడనివ్వండి, చూద్దాం అంది.

ప్రార్థన సాగింది. ఆ చోటు వచ్చింది. రాగం కోసం జనం చెవులు రిక్కించారు. గెర్షోను రాగం ఎత్తలేదు. మామూలుగా, మనం మాట్లాడుకున్నట్టే, "కెతూరమ్మ కొడుకు ఏలీషా" అన్నాడు. గుమ్మం పక్కన మంచం మీద నుంచి సన్నగా ఆమెన్ అని వినపడింది. ఆ తర్వాత ఒక్కో పేరే చెప్పాడు. ఒక్కటీ వదల్లేదు.

పేర్లు అయ్యాయి. ఇంక రాగం జోలికి పోకూడదనుకుని, తల వంచుకుని ముందుకి సాగబోయాడు. అప్పుడు, నిండు ప్రార్థనలో, తిర్సమ్మ గొంతు లేచింది.

"ఆగరా అబ్బాయ్. చెప్పాల్సింది చెప్పావుగా. ఇప్పుడు తియ్యి నీ రాగం."

తీశాడు. ఎలా తీశాడనుకున్నావు, ఉప్పుమడులు దాటి పడవల వాళ్ళకి వినపడిందట. తిర్సమ్మ మొగుడి మంచం పక్కన చతికిలబడి, కళ్ళు తుడుచుకుంటూ, "మావాడే" అని పక్కావిడకి చెప్పిందట.

కథేమో కంచి బాట పట్టింది,
మనకేమో ఇంటి నీడ పట్టింది,
లేయమ్మ కంటికి కునుకు పట్టింది.