గిన్నెలో మిగిలిన పెట్రోలు

హంపమ్మతో వాదించి గెలిచినవాళ్ళు లేరు. అదే ఆమె కష్టం.

కాలేజీలో మూడేళ్ళూ డిబేట్ కప్పు ఆమెదే. ఎదుటివాళ్ళు రెండో వాక్యంలో ఉండగానే వాళ్ళ నాలుగో వాక్యం ఆమెకు తెలిసిపోయేది. తెలిశాక ఇంకా ఆగడం ఎందుకు? వాళ్ళ మాటను వాళ్ళకంటే బాగా తనే చెప్పేసి, అక్కడికక్కడే విరిచేసేది. చప్పట్లు మోగేవి. ఆఖరి ఏడాది కప్పు చేత్తో పట్టుకుని హాస్టల్ మెస్సుకు వెళ్తే, ఆమె కూర్చున్న బెంచీ మీది ముగ్గురూ తిన్నది చాలని లేచారు. ఒకమ్మాయి కంచంలో అన్నం సగం అలాగే ఉంది.

ఆ సగం అన్నం హంపమ్మకు చాలా రోజులు గుర్తుంది. దానికీ ఒక వాదన తయారు చేసుకుంది. తెలివైనవాళ్ళ పక్కన కూర్చోవడం అందరికీ చేతకాదు, అని. ఆ వాదనకు ఎదురు చెప్పేవాళ్ళు కూడా లేరు.

అమ్మ ఫోన్ చేసేది. "నిన్న మీ నాయన..." అనగానే, "మందులేసుకోలేదు, అంతేగా" అనేది. రానురాను అమ్మ "తిన్నావా" అని ఒక్క ముక్క అడిగి, తిన్నానని చెప్పించుకుని ఫోన్ పెట్టేయడం నేర్చుకుంది.

అలాంటి రోజుల్లో ఆమె దస్తగిరి దగ్గరకు వచ్చింది.

దస్తగిరి కళ్యాణదుర్గం దాటాక, కొండల దారి మొదలయ్యే చోట, రేకుల షెడ్డులో ఒక్కడే ఉంటాడు. వయసులో ఉండగా మిలిటరీ వర్క్‌షాపులో ఇంజన్లు విప్పి బిగించినవాడు. ఇప్పుడు డెబ్బై దాటాయి. చప్పుడు విని ఇంజను జబ్బు చెప్తాడని పేరు.

"ఆ విద్య నాకు నేర్పు తాతా."

"చదువుకున్నావు గదా పాపా?"

"చదువుకున్నా. చప్పుడు గురించి మా పుస్తకాల్లో లేదు."

"సరే, ఉండు" అన్నాడు.

ఆరు నెలలు ఉంది. పని త్వరగా పట్టుకుంది. నిజం చెప్పాలంటే, ఆయన "ఆ స్పానరు..." అనేలోపే ఏ నంబరుదో చేతికిచ్చేది.

షెడ్డు ముందు ఒక పాత మిలిటరీ బండి ఉండేది. ఎప్పుడో వేలంలో కొన్నది. పైన నీలం రంగు వేశారు గాని, పెచ్చులూడిన చోటల్లా కిందినుంచి పచ్చరంగు బయటపడేది. టైర్లలో గాలి ఎంత ఉండాలో చక్రాల పైన తెల్లగా రాసిన అంకెలు ఇంకా చెరిగిపోలేదు. సాయంత్రం టీ తాగుతూ దస్తగిరి దానివైపు చూసేవాడు.

"ఈ బండి మీద ఒకతూరి..."

"ఏనుగునే లాగి ఉంటావు. ఆరు సిలిండర్లు కదా తాతా!"

ఇంకో రోజు మళ్ళీ.

"ఈ బండి మీద ఒకతూరి నేనూ..."

"కొండ ఎక్కుడులో గేరు జారిపోయింది. ఈ రకం బండ్లకు అదే రోగం."

దస్తగిరి గ్లాసు అడుగున మిగిలిన టీని మట్టిలో పారబోసి లేచేవాడు.

ఆ బండి రెండేళ్ళుగా కదల్లేదు. అంతకుముందు గుండ్లకొండ మీది ఊరికి వారం వారం వెళ్ళి, ముసలీముతకా జనాన్ని ఆసుపత్రికి దింపి, మళ్ళీ ఎక్కించుకు వచ్చేది. ఆ ఊరికి బస్సు లేదు. ఆటో ఆ కొండ ఎక్కలేదు. ఈ బండి ఎక్కుతుంది గాని, దాని పెట్రోలు దాహం ముందు ఎవరూ నిలబడలేకపోయారు. బండి ఆగింది. పైన ఉన్నవాళ్ళు పైనే ఉండిపోయారు.

ఈసారి టౌనులో కంటి ఆపరేషన్ల క్యాంపు పెడుతున్నారు. పైన పదకొండు మందికి కళ్ళల్లో పొరలు. ఆపరేషనుకని, కట్టు విప్పడానికని, మళ్ళీ చూపించుకోవడానికని మూడు వారాలు తిప్పాలి. రాగలిగితేనే పేర్లు రాసుకుంటామన్నారు. ఆ పదకొండు మందిలో తిప్పక్క అనే ముసలామె గొర్రెల కాపరితో కబురు పెట్టింది. "దస్తగిరి బండి వస్తాదా, రాదా? ఏదో ఒకటి చెప్పమను. రాకపోతే కళ్ళ మీద ఆశ ఇడుస్తాం."

"వస్తుందని చెప్పు" అంది హంపమ్మ కాపరితో, దస్తగిరి నోరు విప్పకముందే. "ఆటోలు నడిచే గ్యాసు మీద నడిపిద్దాం తాతా. ఇరవై రోజులు చాలు."

ఇరవై రోజులూ ఒళ్ళు వంచి పని చేసింది. బండి వెనక చట్రానికి గ్యాసు ట్యాంకు బిగించింది. చల్లటి ద్రవంగా వచ్చే గ్యాసును ఆవిరి చేసే డబ్బాకు ఇంజనులోని వేడినీళ్ళ పైపు చుట్టి తెచ్చింది. ప్రతి అతుకుకూ సబ్బు నురగ పూసి, ఒక్క బుడగ కూడా లేవలేదని ఆయన చేత ఒప్పించుకుంది.

చివరగా స్టీరింగు పక్కన ఒక చిన్న స్విచ్ పెట్టింది.

పైకి పెడితే పెట్రోలు, కిందికి పెడితే గ్యాసు. మధ్యలో ఉంటే రెండూ బంద్. చల్లగా ఉన్న ఇంజను గ్యాసు మీద సరిగ్గా అందుకోదు. అందుకని పెట్రోలు మీద స్టార్ట్ చేసి, వేడెక్కాక గ్యాసుకు మార్చాలి. పైపు మూసినంత మాత్రాన పెట్రోలు అయిపోదు. కార్బొరేటర్ గిన్నెలో ఇంకా కొంత మిగిలి ఉంటుంది. స్విచ్‌ను మధ్యలో ఉంచి, ఆ మిగిలింది కాలిపోయేదాకా ఆగాలి. అది కాలకముందే గ్యాసు వదిలితే రెండూ కలిసి ఇంజను గొంతు పట్టుకుంటాయి. కాలిపోయాక ఆలస్యమైతే ఇంజనే ఆగిపోతుంది.

ఇదంతా హంపమ్మకు తెలుసు. గిన్నె విప్పి ఎంత పడుతుందో కొలిచింది. లెక్క వేసింది. డెబ్బై అంకెలు లెక్కపెట్టాలని తేల్చి, స్టీరింగు ముందరి రేకు మీద సుద్దముక్కతో పెద్దగా 70 అని రాసింది.

షెడ్డులో మూడుసార్లు చూసింది. మూడుసార్లూ డెబ్బై దగ్గర ఇంజను సాఫీగా గ్యాసు అందుకుంది.

"చూశావా తాతా! లెక్కంటే లెక్కే."

"షెడ్డులో బాగుండాది" అన్నాడు దస్తగిరి. "రోడ్డు మీద..."

"రోడ్డు మీద మాత్రం ఎందుకు మారుతుంది? అదే బండి, అదే గిన్నె."

దస్తగిరి వంగి స్పానర్లు ఏరి పెట్టెలో వేశాడు.

మర్నాడు క్యాంపు అనగా, బుధవారం పొద్దున బండిని కొండ దారికి తీసుకెళ్ళారు. ఎక్కుడు మొదలుకాగానే హంపమ్మ స్విచ్ మధ్యలో పెట్టి గట్టిగా లెక్క మొదలుపెట్టింది. ముప్పై రెండు దగ్గర ఇంజను ఆగిపోయింది.

"ఎక్కుడు కదా, ఎక్కువ తాగుతుంది" అని, 70 చెరిపి 28 రాసింది. చదునులో ఇరవై ఎనిమిదికి మార్చింది. బండి దగ్గి, నల్లటి పొగ కక్కి ఆగింది. చదునుకు ఒక అంకె రాసింది, దిగుడుకు ఒకటి, మలుపుకు ఒకటి. మధ్యాహ్నానికల్లా రేకంతా సుద్ద అంకెలతో తెల్లబడింది. ఒక్క అంకె దగ్గర కూడా బండి మాట వినలేదు. బ్యాటరీ దిగిపోయింది. ముందునుంచి హ్యాండిలు దూర్చి తిప్పీ తిప్పీ హంపమ్మ అరచేతులు పొక్కాయి.

గొర్రెలు తోలుకుపోతున్న కాపరి ఆగి చూశాడు. రేకు మీద అంకెలు చూశాడు.

"ఏం మేడమ్మా, బండికి ఎక్కాలు నేర్పిస్తాండావా?"

ఆమె దగ్గర జవాబు ఉండింది, పదునైనదే. అది విసిరేలోపే గొర్రెలతో పాటు అతనూ వెళ్ళిపోయాడు. దుమ్ము మిగిలింది. కింద మైదానంలో మనిషన్నవాడు కనపడలేదు. దస్తగిరి రాతి మీద కూర్చుని బీడీ వెలిగించుకోకుండా వేళ్ళ మధ్య తిప్పుతున్నాడు.

"ఇంజను పనికిరాదు తాతా. అది నీకంటే పాతది. రేపు రాలేమని తిప్పక్కకు చెప్పేద్దాం."

"చెప్దాం" అన్నాడు. "నువ్వే చెప్పు పాపా. వస్తాదని నువ్వే గదా చెప్పింది."

పైన ఊళ్ళో ఎవరికైనా చేద్దామని హంపమ్మ ఫోన్ తీసింది. చాలాసేపు దాన్ని చూసింది. మళ్ళీ జేబులో పెట్టుకుంది. ఏడవలేదు గాని, ముఖం పక్కకు తిప్పుకుంది.

దస్తగిరి లేచాడు. భుజం మీది తువ్వాలతో రేకు మీది అంకెలన్నీ తుడిచేశాడు. సీటు కిందినుంచి నీళ్ళ సీసా తీశాడు.

"నోరు తెరువు."

"ఎందుకు?"

"తెరువుమ్మా."

తెరిచింది. బుగ్గలు నిండేదాకా నీళ్ళు పోశాడు.

"మింగాకు. ఉమ్మాకు. బండిని పైకి పోనీ."

తనే వంగి హ్యాండిలు తిప్పి ఇంజను లేపాడు. వచ్చి పక్క సీట్లో కూర్చుని కళ్ళు మూసుకున్నాడు.

హంపమ్మ ఏదో అనబోయింది. నీళ్ళు గొంతుకు అడ్డం పడ్డాయి. గేరు వేసింది. ఇంజను వేడిగానే ఉంది. ఎక్కుడు మొదలైంది. స్విచ్ మధ్యలో పెట్టి మనసులో లెక్క మొదలుపెట్టింది. పదిహేను దగ్గర రోడ్డుకు అడ్డంగా ఉడత పరిగెత్తింది. లెక్క తప్పింది. మళ్ళీ మొదలుపెట్టబోయి, ఎక్కడినుంచో తెలియక ఆగింది.

అప్పుడు బండి వినపడింది.

వెనక తలుపు గొళ్ళెం కొట్టుకుంటోంది. ఎండిన బోదగడ్డిలో గాలి ఈల వేస్తోంది. పక్కన ముసలాయన ఊపిరి తీసేటప్పుడు ఎదలో సన్నగా గరగర మంటోంది. అది ఈరోజు మొదలైంది కాదు. ఆరు నెలలనుంచీ ఆమె పక్కనే ఉంది. అన్నిటికీ అడుగున ఇంజను. దానికి ఎటునుంచీ ఏమీ రావడం లేదు. ఉన్నదానితోనే నడుస్తోంది.

ఆమె వేలు స్విచ్ మీదికి పోయింది. దస్తగిరి వైపు చూసింది. ఆయన కళ్ళు తెరవలేదు. వేలు అక్కడే ఉంచింది.

ఇంజను ఇంకా నడిచింది. ఇంకా నడిచింది. అప్పుడు, చప్పుడు ఒక్క పిసరు పలచబడింది.

కిందికి నొక్కింది.

బండి తడబడలేదు. మలుపు తిరిగింది, ఇంకో మలుపు తిరిగింది. గుండ్లకొండ మీది నల్లబండ కనపడింది. బండ పక్కన ఆపింది. బుగ్గలు నొప్పి పుడుతున్నాయి.

దస్తగిరి కళ్ళు తెరిచాడు.

"ఇప్పుడు మింగు" అన్నాడు.

గురువారం పొద్దున పదకొండు మందీ ఆ బండ మీదే కూర్చుని ఉన్నారు. తిప్పక్కను చెయ్యి పట్టి ముందు సీటు ఎక్కించారు. ఆమె ముక్కు ఎగబీల్చింది.

"ఇది ఆ బండేనా? పెట్రోలు వాసన యాడికి పాయె?"

హంపమ్మ పక్కన నీళ్ళ సీసా పెట్టుకుంది. దాన్ని తెరవాల్సిన అవసరం రాలేదు. తిప్పక్క దారి పొడుగునా తన కళ్ళు ఎట్లా మసకబారాయో చెప్తూ వచ్చింది. మధ్యమధ్య ఆగిపోయేది. కాసేపటికి మళ్ళీ తనే అందుకునేది.

అందర్నీ క్యాంపులో అప్పగించి, సాయంత్రానికి ఇద్దరూ షెడ్డుకు తిరిగి వచ్చారు. దస్తగిరి టీ కాచాడు. బెంచీ మీద కూర్చున్నారు. ఎదురుగా బండి. చల్లారుతున్న బానెట్టు టిక్కు టిక్కు మంటోంది.

"ఈ బండి మీద ఒకతూరి..." అన్నాడు దస్తగిరి.

ఆగాడు.

హంపమ్మ నోటిదాకా ఒక వాక్యం వచ్చింది. బాగున్న వాక్యమే. గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుని కూర్చుంది.

చాలాసేపు ఏమీ రాలేదు. రోడ్డు మీద ఒక సైకిలు పోయింది. టీ మీద మీగడ కట్టింది.

"మా ఆమెను ఆసుపత్రికి తీసకపోతాంటి" అన్నాడు.

ఆనాడు దారిలో పెట్రోలు అయిపోయిందని ఆమెకు తెలిసిపోయినట్టే అనిపించింది. అడుగుదామని పెదవి కదిలింది. కదిలిన పెదవిని పంటికింద పట్టుకుంది.

"ఊరి లైట్లు కనపడతానే ఉండాయి" అన్నాడు దస్తగిరి. పెట్రోలు మాట ఆయన ఎత్తనే లేదు. "ఇంకొంచెం తొక్కుదామని చూస్తి. ఆమె నా చెయ్యి పట్టుకోనె. బండి ఆపు, యాడికీ పోవాకు, నా కాడ ఉండు, అనె."

ఈ వాక్యం హంపమ్మకు ముందుగా తెలియలేదు.

బానెట్టు టిక్కుమనడం కూడా మానేసింది. ఆమె ఆయన వైపు చూడలేదు. బండి వైపే చూస్తూ ఉంది.

"ఉంటి. ఆ చెయ్యి చల్లబడేదాకా ఉంటి" అన్నాడు.

గ్లాసు అడుగున మిగిలిన టీని దస్తగిరి ఆరోజు మట్టిలో పారబోయలేదు. చల్లారిపోయినా, చివరిదాకా తాగాడు.